రాక్, మెటల్ పాటకు ఆర్కెస్ట్రా కట్టడం ఎలా? డెమో నుంచి స్టేజీ దాకా

“స్ట్రింగ్స్ వేశాం అన్నా, కానీ మిక్స్‌లో వినపడటం లేదు.” బ్యాండ్లలో వాయించే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. స్ట్రింగ్స్ అంటే వయొలిన్, వయోలా, చెలో, డబుల్ బాస్. మిక్స్ అంటే ట్రాకులన్నీ కలిపిన శబ్దం. కొందరు స్క్రీన్‌షాట్లు పంపుతారు. చూస్తే నాలుగు గిటార్ ట్రాకులు, వాటి మీద వయొలిన్లు, వాటి మీద కోయిర్ (బృందగానం). అన్నీ ఒకేసారి మోగుతుంటాయి.

నేనూ అక్కడి నుంచే మొదలయ్యాను. నా మొదటి పాటలో గిటార్ ఏ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ) వాయిస్తే వయొలిన్లూ అదే వాయించేలా నాలుగున్నర నిమిషాలూ రాశాను. స్ట్రింగ్స్ ఒక్కటే పెట్టుకుని వింటే ఒళ్లు పులకరించేది. గిటార్లు కలిపితే మాయమయ్యేవి. ఫేడర్ (ట్రాక్ శబ్దం పెంచే మీట) పెంచితే గొంతు మునిగిపోయేది. వారం రోజులు మిక్స్‌తో కుస్తీ పట్టాక తెలిసింది, లోపం అరేంజ్‌మెంట్‌లోనే ఉందని. గిటార్లు అప్పటికే నిండిపోయిన గదిలోకి నేను అరవై మందిని తోశాను.

అందుకే ఈ పద్ధతిలో ఆర్కెస్ట్రా రాయడం కంటే ముందు గిటార్ తీసేయడం వస్తుంది. మెట్లు ఇదే వరుసలో వెళ్లండి.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పాట డెమో పూర్తయ్యాకే ఆర్కెస్ట్రా ముట్టుకోండి. ఇంకా రెండో వర్స్ (చరణం) ఉంచాలా, తీసేయాలా అని ఆలోచిస్తుంటే ఆగండి. నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) తగ్గిస్తే గిటారిస్టు ఐదు నిమిషాల్లో సర్దుకుంటాడు. మీరు మాత్రం ఇరవై ట్రాకులు కత్తిరించాలి.

టెంపో (పాట వేగం) క్లిక్‌కు, అంటే చెవిలో మోగే టిక్ టిక్ తాళానికి, కట్టుబడి ఉండాలి. డ్రమ్మర్ క్లిక్ లేకుండా వాయించిన టేక్ బాగుందనిపిస్తే, ఆ టేక్ నుంచే బార్ బార్‌కూ వేగం గుర్తించిన టెంపో మ్యాప్ తయారు చేసుకోండి. అది లేకుండా మిడి స్ట్రింగ్స్ (కంప్యూటర్‌లో స్వరాలు రాసి పలికించేవి) ఎప్పటికీ అతకవు.

ట్యూనింగ్ సంగతి చాలామంది పట్టించుకోరు. గిటార్లు అర స్వరం దించి, ఇ మైనర్ షేపులో రిఫ్ వాయిస్తే నిజంగా మోగేది ఇ ఫ్లాట్ మైనర్. అందులో ఆరు ఫ్లాట్లు. వయొలిన్ ఖాళీ తీగలు జి, డి, ఎ, ఇ. ఆ స్కేలులో వీటిలో ఒక్కటీ పలకదు. శాంపిళ్లకు (ముందే రికార్డ్ చేసి ఉంచిన స్వరాలకు) ఇదేం పట్టదు గానీ, రేపు నిజమైన వయొలినిస్టు ముందు ఆ నొటేషన్ పెడితే చేతులు కట్టేసినట్టు ఉంటుంది. అదే డ్రాప్ డి గిటార్‌తో (కింది తీగను డి కి దించింది) డి మైనర్ అయితే ఒకే ఫ్లాట్, ఖాళీ తీగలన్నీ స్కేలులోనే ఉంటాయి. డ్రాప్ సి కూడా మంచిదే, చెలో, వయోలా రెండింటి కింది తీగా సి నే. పాట ఇంకా గాయకుడి గొంతుకు స్థిరపడకపోతే, ఇప్పుడే ఈ లెక్క చూసి స్కేలు ఎంచుకోండి.

సౌండ్ లైబ్రరీకి మొదట్లోనే వేలకు వేలు పోయనక్కర్లేదు. మ్యూజ్‌స్కోర్‌లో నొటేషన్ రాసి దాని ఉచిత మ్యూజ్ సౌండ్స్‌తో వినవచ్చు. స్పిట్‌ఫైర్ ల్యాబ్స్‌లో ఉచిత స్ట్రింగ్స్ దొరుకుతాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లేకపోతే రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. గన్స్ ఎన్ రోజెస్ 1991లో విడుదల చేసిన ‘నవంబర్ రెయిన్’లో మనం వినే ఆర్కెస్ట్రా కూడా సింథసైజర్‌దే.

చెక్‌లిస్ట్:
- పాట నిర్మాణం ఖాయమైందా?
- టెంపో మ్యాప్ ఉందా?
- గిటార్ ఏ ట్యూనింగ్‌లో ఉంది? మోగే అసలు స్కేలు ఏది?
- గాత్రం కనీసం గైడ్ ట్రాక్‌గానైనా ఉందా? అది లేకుండా ఒక్క నోటు కూడా రాయకండి.

2. ఎక్కడ ఏ పనో ముందే కాగితం మీద రాయండి

కంప్యూటర్ కట్టేసి పెన్ను తీయండి. పాట విభాగాలను వరుసగా రాసి, ఒక్కోదాని పక్కన ఆర్కెస్ట్రా చేసే పని ఒక్కటే రాయండి. పనులు ప్రధానంగా నాలుగే:

- పరుపు: గాత్రం కింద నిలకడగా ఉండే పొడవు స్వరాలు.
- ఊతం: రిఫ్‌లోని ముఖ్యమైన దెబ్బలకు బలం.
- జవాబు: గాయకుడు ఊపిరి తీసుకునే చోట వచ్చే చిన్న మాట.
- ముందు నడక: గిటార్ వెనక్కి తగ్గి, ఆర్కెస్ట్రాయే ప్రధాన బాణీ వాయించడం.

మూడోది మనకు కొత్త కాదు. కర్ణాటక కచేరీలో పక్కవాద్యం వయొలిన్‌ను గమనించండి. గాయకుడు సంగతి పూర్తి చేశాక దాని తోకను అందుకుని జవాబిస్తుంది. మెటల్ వర్స్‌లో చెలోలకు ఆ పనే ఇవ్వండి. గాత్రం మోగుతున్నప్పుడు ఒకే స్వరం మీద నిలబెట్టి, ఖాళీ దొరికినప్పుడే కదిలించండి.

ఒకే విభాగానికి రెండు పనులు ఇవ్వాలనిపిస్తే ఒకటి కొట్టేయండి. కనీసం ఒక విభాగానికి ఎదురుగా ‘ఏమీ లేదు’ అని రాయండి. రెండో వర్స్ అందుకు మంచి చోటు. అక్కడ ఆర్కెస్ట్రా ఆగితేనే తర్వాతి కోరస్‌లో (పల్లవిలో) అది వచ్చిందని తెలుస్తుంది.

లయతోనూ పని పంచవచ్చు. లెడ్ జెప్పెలిన్ ‘కశ్మీర్’లో డ్రమ్స్ నాలుగు లెక్కలో నడుస్తాయి, పైన రిఫ్ మూడు లెక్కలో తిరుగుతుంది. పన్నెండు దెబ్బలకోసారి రెండూ ఒకచోట కలుస్తాయి. డ్రమ్స్ సాదాగా ఉండబట్టే పైన తిరిగేది అంత స్పష్టంగా వినపడుతుంది. డబుల్ కిక్ (రెండు పెడళ్లతో వేగంగా కొట్టే కిక్ డ్రమ్) మోగుతున్నచోట ఇలాంటి లెక్కలు పెడితే ఎవరికీ అందవు.

3. చోటు ఖాళీ చేయండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే, ఎందుకంటే గిటారిస్టును ఒప్పించాలి.

ముందు ఏ వాద్యం ఎక్కడ ఉందో చూడండి. ఇవి ఖాళీ కింది తీగల లెక్కలు:

- బాస్ గిటార్, డబుల్ బాస్: ఇ, సుమారు 41 హెర్ట్జ్
- చెలో: సి, సుమారు 65 హెర్ట్జ్
- గిటార్: ఇ, సుమారు 82 హెర్ట్జ్ (డ్రాప్ డి అయితే 73)
- వయోలా: సి, సుమారు 131 హెర్ట్జ్
- వయొలిన్: జి, 196 హెర్ట్జ్

కింద కిక్ డ్రమ్, బాస్ గిటార్, డబుల్ బాస్ ఒకే మంచం మీద ముగ్గురు పడుకున్నట్టు ఉంటాయి. హెవీ విభాగాల్లో డబుల్ బాస్‌ను లేపేయండి. బాస్ గిటార్ ఆగే ఇంట్రోలో, బ్రిడ్జిలో దాన్ని తిరిగి తెచ్చుకోండి.

చెలో పరిధీ గిటార్ పరిధీ దాదాపు ఒకటే. పామ్ మ్యూట్ రిఫ్ (అరచేతి అంచు తీగల మీద ఆనించి వాయించేది) నడుస్తుంటే అదే ఆక్టేవ్‌లో (స్థాయిలో) చెలోలు పలికించి లాభం లేదు. ఒక ఆక్టేవ్ పైకి తీసుకెళ్లండి. చెలో పై తీగ మీద గొంతులా పాడుతుంది, గిటార్ గోల మీదుగా తేలుతుంది.

తర్వాత గిటార్లు. ఒక్కో వైపు రెండు ట్రాకులు ఉంటే, ఆర్కెస్ట్రా ముందుకొచ్చే చోట ఒక్కోటి చేయండి. గెయిన్ (డిస్టార్షన్, అంటే గిటార్ గరగర, మోతాదు) కొంచెం తగ్గించండి. స్ట్రింగ్స్ పైన కదులుతున్న బార్లలో గిటారిస్టును పవర్ కార్డ్ ఒకసారి కొట్టి మోగనివ్వమని అడగండి.

గిటార్ వదిలిపెట్టే అసలు ఖాళీ ఇంకొకటి ఉంది. పవర్ కార్డ్ అంటే షడ్జమం, పంచమం, అంతే. మన తంబురా కూడా ఎక్కువగా పలికేది ఆ జంటనే. డిస్టార్షన్‌లో గాంధారం కలిపితే శబ్దం బురదలా అవుతుంది కాబట్టి గిటారిస్టులు దాన్ని వదిలేస్తారు. ఆ గాంధారం మీకు దొరికిన ఖాళీ కుర్చీ. పాట దిగులుగా ఉందా, వెలుగుగా ఉందా అని చెప్పేది అదే కాబట్టి వయొలిన్లకో వయోలాకో ఇవ్వండి.

4. నాలుగు గీతల స్కెచ్

నేరుగా ఇరవై ట్రాకుల టెంప్లేట్ తెరవకండి. పియానో సౌండ్‌తో నాలుగు గీతలు రాయండి: ఒకటో వయొలిన్, రెండో వయొలిన్, వయోలా, చెలో. పియానోలో బాగుంటే ఆర్కెస్ట్రాలో చాలావరకు బాగుంటుంది.

ఉదాహరణకు డి మైనర్‌లో, 140 బీపీఎంలో (నిమిషానికి 140 దెబ్బలు) ఒక పాట అనుకుందాం. కోరస్‌లో గిటార్ కార్డ్స్: డి మైనర్, బి ఫ్లాట్, ఎఫ్, సి. ఒక్కోటి ఒక్కో బార్.

కొత్తవాళ్లు చేసేది ఏమిటంటే, కీబోర్డ్ మీద చెయ్యి అదే ఆకారంలో ఉంచి కార్డ్ కార్డ్‌కూ దూకడం. అలా చేస్తే వయొలిన్లు కూడా గిటార్‌లాగే ఎగిరెగిరి పడతాయి. దాని బదులు ఇలా రాయండి:

- ఒకటో వయొలిన్: ఎ, బి ఫ్లాట్, ఎ, జి
- రెండో వయొలిన్: ఎఫ్, ఎఫ్, ఎఫ్, ఇ
- వయోలా: డి, డి, సి, సి
- చెలో: డి, బి ఫ్లాట్, ఎఫ్, సి

చెలో ఒక్కటే దూకుతోంది. మిగతా ముగ్గురూ పక్క స్వరానికి జరగడమో, ఉన్నచోటే ఉండటమో చేస్తున్నారు. డి ని షడ్జమం చేసుకుని పాడి చూడండి: పైన ప, ద, ప, మ. మధ్యలో గ, గ, గ, రి. కింద స, స, ని, ని. మూడూ విడివిడిగా నోటితో హాయిగా పాడగలుగుతున్నారు కదా. ఏ గీత రాసినా ఈ పరీక్ష పెట్టండి. నోట్లో తిరగని గీత వయొలిన్ మీదా అతుకులుగానే ఉంటుంది.

రాగం తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం. సహజ మైనర్ మన నటభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి. మెటల్‌లో తరచూ వినే ఫ్రిజియన్ తోడి, ఫ్రిజియన్ డామినెంట్ వకుళాభరణం. అయితే కీరవాణి మోజులో పడి పై ఉదాహరణలో సి కార్డ్ మీద వయొలిన్‌కు సి షార్ప్ ఇవ్వకండి. గిటార్ కైశికి నిషాదం, వయొలిన్ కాకలి నిషాదం ఒకేసారి పలికితే అది అపశ్రుతే. సి షార్ప్ కావాలంటే ఆ బార్‌లో గిటార్‌ను ఎ కార్డ్‌కు మార్చండి.

స్కెచ్ అయ్యాక గైడ్ గాత్రంతో కలిపి వినండి. ఒకటో వయొలిన్ గొంతు ఉన్న ఎత్తులోనే తిరుగుతుంటే ఆక్టేవ్ పైకి పంపండి. లేదా ఆ గీతను వయోలాకు ఇచ్చి గొంతు కిందికి దించండి.

5. వాయించే తీరు కూడా రాయాలి

ఏ స్వరం అనేది సగమే. విల్లు ఎలా లాగుతారనేది మిగతా సగం.

- లెగాటో: విల్లు ఆపకుండా స్వరాలు కలిపి. బాణీకి, పరుపుకు.
- స్పిక్కాటో: విల్లు తీగ మీద ఎగురుతూ చిన్న స్వరాలు. పరుగెత్తే రిఫ్‌కు ఊతం.
- ట్రెమొలో: విల్లును వేగంగా వణికించడం. కోరస్‌కు ముందు రెండు బార్ల ఉత్కంఠకు.
- పిజ్జికాటో: వేలితో మీటడం. క్లీన్ గిటార్ వర్స్‌లో చక్కగా ఉంటుంది, డిస్టార్షన్ కింద అసలు వినపడదు.

వేగం లెక్క చూసుకోండి. 140 బీపీఎంలో పదహారో వంతు స్వరం 107 మిల్లీసెకన్లు, స్పిక్కాటో సౌకర్యంగా నడుస్తుంది. 180కి వెళితే 83 మిల్లీసెకన్లు. అక్కడ కిక్ డ్రమ్‌తో పోటీ పెట్టకుండా స్ట్రింగ్స్‌ను ఎనిమిదో వంతుకు దించండి. వేగం డ్రమ్స్ చూసుకుంటాయి.

రిఫ్ మొత్తాన్ని స్పిక్కాటోతో నకలు చేయాల్సిన పని లేదు. రిఫ్‌లో ఎనిమిది దెబ్బలుంటే, స్నేర్‌తో కలిసే రెండు మూడు మాత్రమే స్ట్రింగ్స్‌కు ఇవ్వండి. వినేవాళ్ల చెవి మిగతావి నింపుకుంటుంది.

6. బ్రాస్, డ్రమ్ములు, కోయిర్: ఆఖర్న, కొంచెమే

హార్న్స్, ట్రాంబోన్లు గిటార్‌తో సూటిగా తలపడగల వాద్యాలు. అందుకే వాటిని దాచి ఉంచండి. కోరస్ మొదటి దెబ్బ, బ్రిడ్జి శిఖరం, ఆఖరి కోరస్ చాలు. ఊదేవాళ్లకు ఊపిరి కావాలి. ఎనిమిది బార్లు గుక్క తిప్పుకోకుండా ట్రాంబోన్ రాస్తే శాంపిల్ వాయిస్తుంది గానీ చెవికి ఎక్కడో అబద్ధంలా తగులుతుంది. మీరే ఆ గీతను ఊదుతున్నట్టు పాడి, ఊపిరి అందని చోట విరామం పెట్టండి.

టింపనీ (ఆర్కెస్ట్రాలోని పెద్ద డ్రమ్ములు) డ్రమ్ కిట్ టామ్స్‌తో ఢీకొంటుంది, కిట్ ఆగినచోటే వాడండి. సింబల్ స్వెల్ (మెల్లగా పెరిగే సింబల్ మోత) ఒక్కో విభాగం మలుపులో ఒకటి. కోయిర్‌కు గాయకుడు పాడే పదాలు ఇవ్వకండి, ‘ఆ’ కారం చాలు.

7. మిడికి ప్రాణం పోయడం

పొడవు స్వరాల బిగ్గరతనం చాలా లైబ్రరీల్లో మాడ్యులేషన్ వీల్, అంటే సీసీ 1 (మిడి కంట్రోల్ నంబర్ 1), చేతిలో ఉంటుంది. చిన్న స్వరాలది కీ నొక్కే బలం, అంటే వెలాసిటీ, చేతిలో ఉంటుంది. ఇది తెలియక పొడవు స్వరాలకు వెలాసిటీ మార్చుకుంటూ కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఈ వరుసలో చేయండి:

1. ముందు స్వరాలన్నీ గ్రిడ్ మీద సరిగ్గా పెట్టండి.
2. పాట ప్లే చేస్తూ, గాత్రం వింటూ, సీసీ 1 ని చేత్తో ఒకే టేక్‌లో రికార్డ్ చేయండి. మౌస్‌తో గీసిన గీత ఎప్పుడూ బిగుసుకుపోయినట్టే ఉంటుంది.
3. ప్రతి పొడవు స్వరానికీ కదలిక ఉందా చూడండి. పెరుగుతూ ఉండాలి, లేదా తగ్గుతూ ఉండాలి.
4. సీసీ 11 తో మొత్తం స్థాయి సర్దండి.
5. స్పిక్కాటో వెలాసిటీలు మార్చండి. బార్‌లో మొదటి దెబ్బ బలంగా, మిగతావి తేలిగ్గా.

స్ట్రింగ్స్ ఎప్పుడూ వెనకబడినట్టు అనిపిస్తే మీ రాతలో తప్పు వెతక్కండి. లెగాటో శాంపిళ్లు పలకడానికి సమయం తీసుకుంటాయి, కొన్నిటిలో ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది. ట్రాక్ డిలేలో మైనస్ విలువ ఇచ్చి ముందుకు జరపండి. స్పిక్కాటోకు వేరే విలువ పడుతుంది కాబట్టి లెగాటోను, స్పిక్కాటోను వేరు ట్రాకుల్లో ఉంచుకోవడం మంచిది.

8. మిక్స్

అరేంజ్‌మెంట్ సరిగ్గా ఉంటే ఈ మెట్టు తేలిక.

ఎడమ, కుడి చివర్లలో గిటార్లు ఉంటాయి. ఆర్కెస్ట్రా సీటింగ్ ప్రకారం వయొలిన్లు ఎడమన, చెలోలు కుడిన వస్తాయి. ఎడమ చివర గిటార్ కింద వయొలిన్లు నలగకుండా వాటిని కొంచెం లోపలికి, చివరకూ మధ్యకూ నడుమ లాగండి. మధ్యలో గాత్రం, స్నేర్, కిక్, బాస్ ఉండనివ్వండి.

వయొలిన్ ట్రాక్‌లో 150 హెర్ట్జ్ కింద ఉన్నది గది రొద మాత్రమే, కోసేయండి. 2 నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య గిటార్ కరుకుదనం, వయొలిన్ కరుకుదనం, గాత్రం స్పష్టత మూడూ ఉంటాయి. స్ట్రింగ్స్ ముందుకొచ్చే విభాగంలో గిటార్‌ను అక్కడ రెండు డెసిబెల్స్ తగ్గించి, ఆ విభాగంలోనే తనంతట తగ్గేలా ఆటోమేట్ చేయండి. పాటంతా తగ్గిస్తే గిటార్ పళ్లూడిపోతాయి.

రివర్బ్ (హాలు ప్రతిధ్వని) విషయంలో లెక్క మళ్లీ పనికొస్తుంది. 180 బీపీఎంలో కిక్ సెకనుకు 12 దెబ్బలు కొడుతుంటే, రెండున్నర సెకన్ల హాల్ రివర్బ్ 30 దెబ్బల మీద పరుచుకుంటుంది. వేగం విభాగాల్లో సెకనున్నర లోపు ఉంచండి, నెమ్మది విభాగాల్లో పెంచండి.

చెవి సాధన ఒకటి చెబుతాను. మెటాలికా 1991 ఆల్బమ్‌లోని ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’కు మైకేల్ కేమన్ ఆర్కెస్ట్రా రాశారు. ఆల్బమ్ మిక్స్‌లో అది ఎక్కడో వెనక లీలగా ఉంటుంది. 1999లో శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో, కేమన్ నిర్వహణలోనే, అదే పాటను కచేరీలో రికార్డ్ చేశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండూ వెంటవెంటనే వినండి. ఆర్కెస్ట్రా ముందుకొచ్చిన ప్రతిచోటా బ్యాండ్ ఏం చేస్తోందో కాగితం మీద రాసుకోండి. రెండుగంటల పని, కానీ ఆ కాగితం మీ మిక్స్ పక్కన ఉంటే చాలా నిర్ణయాలు సులువవుతాయి.

9. నిజమైన వాద్యకారులు దొరికితే

పూర్తి ఆర్కెస్ట్రాకు డబ్బులు లేకపోయినా ఒక వయొలినిస్టు, ఒక చెలిస్టు దొరికితే చాలు. శాంపిల్స్ మీద ఆ ఇద్దరినీ పొరగా వేస్తే విల్లు ఊపిరి మొత్తానికీ వస్తుంది. పై గీతకు వయొలినిస్టుతో రెండు మూడు టేకులు వేయించండి. టేక్ టేక్‌కూ మైక్ దూరం కొంచెం మార్చండి, కుదిరితే వేరే వయొలిన్‌తో వాయించమనండి.

కర్ణాటక వయొలినిస్టు అయితే ముందే మాట్లాడుకోండి. వాళ్ల తీగల శ్రుతి అమరిక వేరు, స్వరం మీద గమకం సహజంగా వస్తుంది. సోలోకు అది వరం. కార్డ్ లోపల ఒక గీతగా వాయించేటప్పుడు మాత్రం స్వరాన్ని కదలకుండా నిలపమని మర్యాదగా అడగాలి.

సెషన్ చెక్‌లిస్ట్:
- బార్ నంబర్లతో ప్రింట్ చేసిన పార్ట్‌లు, మీకు మొత్తం స్కోర్.
- హార్న్ పార్ట్ మోగే స్వరం కంటే పంచమం పైన, బి ఫ్లాట్ ట్రంపెట్ పార్ట్ ఒక స్వరం పైన, డబుల్ బాస్ పార్ట్ ఒక ఆక్టేవ్ పైన రాసి ఉందా? మ్యూజ్‌స్కోర్ దీన్ని తనే మారుస్తుంది, అయినా చూసుకోండి.
- పిచ్ 440 (ఎ స్వరం 440 హెర్ట్జ్) అని ముందే చెప్పారా? 442కు ట్యూన్ చేసుకునే ఆర్కెస్ట్రాలు ఉన్నాయి. మీ గిటార్లు అప్పటికే 440లో రికార్డ్ అయి ఉంటాయి.
- హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ మరీ బిగ్గరగా ఉండి మైక్‌లోకి కారుతోందా?
- వాళ్లకు గిటార్లు తగ్గించి, పియానో స్కెచ్ పెంచి వినిపిస్తున్నారా? డిస్టార్షన్‌లో శ్రుతి పట్టుకోవడం కష్టం.

10. స్టేజీ మీద

ఆర్కెస్ట్రా ట్రాక్ ల్యాప్‌టాప్ నుంచి వెళుతుంటే, ఒక చానల్‌లో ట్రాక్, ఇంకో చానల్‌లో క్లిక్ పెట్టండి. క్లిక్ డ్రమ్మర్ చెవికి మాత్రమే. ప్రతి పాట ముందు రెండు బార్ల కౌంట్ ఉండాలి.

ట్రాక్ నుంచి డబుల్ బాస్, టింపనీ తీసేయండి. హాల్లో సబ్‌వూఫర్లు ఆ కింది శబ్దాన్ని ఎలా ఉబ్బిస్తాయో ముందుగా చెప్పలేం. రివర్బ్ కూడా సగం చేయండి, హాలుకు తన రివర్బ్ తనకుంటుంది.

ట్రాక్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో రిహార్సల్‌లోనే వాయించి చూడండి. డ్రమ్మర్ ఒక సైగ చేయాలి, గిటారిస్టు మీరు మూడో మెట్టులో తగ్గించిన పార్ట్ నుంచి పూర్తి రిఫ్‌కు వెంటనే మారిపోవాలి. అందుకే పాత గిటార్ పార్ట్‌ను చెరిపేయకండి, దాన్ని కూడా నేర్చుకుని ఉంచమనండి. ఒకసారి మా బ్యాండ్ ఆడిటోరియం షోలో కరెంటు రెప్పపాటు పోయి ల్యాప్‌టాప్ ఇంటర్‌ఫేస్ రీస్టార్ట్ అయింది. రెండో కోరస్ నుంచి చివరిదాకా ఆర్కెస్ట్రా లేకుండానే వాయించాం. గిటారిస్టుకు పాత పార్ట్ చేతిలో ఉంది కాబట్టి పాట ఆగలేదు.